ఎదురు షట్టర్ దగ్గర నలుగురు

కొత్త కోడలు ఆ ఇంట్లో కాలుపెట్టి పట్టుమని పదకొండు రోజులు కాలేదు, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. నిప్పంటుకోలేదు, నీళ్ళు రాలేదు, భూమి కదల్లేదు. నెలలో మొదటి ఆదివారం వచ్చింది, అంతే.

పొద్దున తొమ్మిదిన్నర వేళ ఆమె అద్దం ముందు తల దువ్వుకుంటోంది. వీధిలోంచి ఈల వినిపించింది, గట్టిగా, మూడుసార్లు. ఆ తర్వాత ఇంట్లో జరిగింది చూసి ఆమె దువ్వెన పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయింది. సగం గడ్డం గీసుకున్న భర్త మిగతా సగం నురగతోనే పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాడు. పదింటిదాకా దుప్పటి తియ్యని మరిది మంచం కిందనుంచి ఓ ఎర్ర సంచీ లాగి భుజాన వేసుకున్నాడు. ముందుగదిలో పుస్తకాలు కుడుతున్న మామగారు సూదిని జాగ్రత్తగా దారపుండకి గుచ్చి, కళ్ళజోడు సర్దుకుని, సినిమాకి బయల్దేరినంత నిదానంగా మెట్లవైపు నడిచారు.

"వదినా, గ్యాస్! గ్యాస్ కట్టెయ్! ఇవాళ్టినుంచి అది నీ డ్యూటీ!" అని అరిచాడు మరిది.

ఎందుకో ఏమిటో తెలియకుండానే ఆమె వంటింట్లోకి పరుగెత్తి గ్యాస్ కట్టేసింది. దువ్వెన చేత్తోనే పంతొమ్మిది చెక్కమెట్లూ దిగింది. వీధికి అవతల, ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న సైకిల్ షాపు షట్టర్ దగ్గర, మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీతో అత్తగారు నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు షట్టర్ ముందు వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టారు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. అందరూ వచ్చారు." వాచీ చూసి పెదవి విరిచారు. "రెండు నిమిషాల యాభై. ఈపాటికి సగం కాలిపోయి ఉందురు. కొత్తమ్మాయి ఉంది కాబట్టి ఇవాళ్టికి వదిలేస్తున్నా. పదండి, టీ తాగుదాం."

నురగ మొహంతో ఒకడు, నిద్రమొహంతో ఇంకొకడు, దువ్వెనతో ఒక పెళ్ళికూతురు, వీధి మధ్యలో ఇంత తమాషా జరుగుతుంటే, పోయేవాళ్ళు ఒక్కరూ తల తిప్పి చూడలేదు. వాళ్ళకి అలవాటైపోయినట్టుంది.

పెళ్ళికి ముందు ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బహుశా ఇంకా తొందరగా ఒప్పుకునేది. ఆమెదీ అలాంటి ఉద్యోగమే మరి. ప్రెషర్ కుక్కర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ వాల్వులు పరీక్షిస్తుంది. ఆవిరి పోయే దారి కావాలని మూసేసి, లోపల ఒత్తిడి పెంచి, వాల్వు వేళకి తెరుచుకుంటుందో లేదో చూడటం ఆమె పని. "కుక్కర్ పనిచేస్తోందని చూడ్డానికి నువ్వెందుకు, కొనుక్కున్నవాళ్ళే చూసుకుంటారు. ఎక్కడ పనిచెయ్యదో వెతకడానికి నీకు జీతం" అని చేరిన రోజునే సూపర్‌వైజరు చెప్పాడు. ఆ బుద్ధిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలి ఇంటికి రమ్మంటే ఎక్కడవుతుంది!

అలాగని ఆ ఇంటి భయం ఉత్త పిచ్చి కాదు. వాళ్ళుండేది పై అంతస్తు. కింద కాగితాల గోడౌన్. మామగారి పుస్తకాల బైండింగు పనికి అది ఎంత సౌకర్యమో మిగతావాళ్ళ ప్రాణాలకి అంత సంకటం. దిగడానికి ఉన్న ఒక్క దారీ ఆ చెక్కమెట్లే. రెండేళ్ళ కిందట వెనక సందులో పరుపుల గోడౌన్ తగలబడినప్పుడు ఈ ఇంటి కిటికీ అద్దాలు వేడికి పగిలాయట. ఆ మర్నాడే అత్తగారు ఈల కొన్నారు.

అత్తగారు ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేశారు. చివరి పదేళ్ళూ ప్రమాదాల కాల్స్ అందుకునే విభాగానికి సూపర్‌వైజరు. రిటైరయ్యాక ఆ విభాగాన్ని ఇంటికి తెచ్చుకున్నారని మరిది అంటాడు. వెనకాల ఆవిణ్ణి 'కంట్రోల్ రూమ్' అంటాడు. ఎదుటపడితే మాత్రం నోట్లో నాలుక ఉండదు.

రెండో నెలలో ఒకరోజు అత్తాకోడళ్ళిద్దరూ నేల మీద కూర్చుని ఎర్ర సంచీ తీసి సర్దారు. మూడు నెలలకోసారి అందులో ప్రతి వస్తువూ తీసి చూడాలని ఆవిడ నియమం. కోడలికి పండగలా అనిపించింది. చేతికి ఏది తగిలితే దాని గురించి అడిగింది.

"బ్యాటరీలు టార్చిలో వెయ్యకుండా విడిగా చుట్టి పెట్టారేంటత్తయ్యా?"

"లోపల ఉంచితే కారిపోతాయి. తీరా అవసరమైన రోజున చేతిలో టార్చి ఉంటుంది, వెలుతురుండదు."

"ఈ పాత కళ్ళజోడు?"

"మావయ్యది. నంబరు మారిందనుకో, మెట్లు కనబడటానికి చాలు."

"సంచీలో కూడా ఈలలెందుకు?"

"గోడ కూలి దాని కింద చిక్కుకున్నవాడు అరిస్తే ఎంతసేపు అరుస్తాడు? పది నిమిషాల్లో గొంతు పోతుంది. ఈల అయితే ఊపిరున్నంతసేపూ పలుకుతుంది."

మందులు, వాటి మీద అయిపోయే తేదీలు. బిస్కెట్లు, వాటి మీదా తేదీలు. ప్లాస్టిక్ కవర్లో ఇంటి కాగితాల నకళ్ళు. మూత బిగించిన సీసాలో అగ్గిపెట్టె. ఏదీ ఊరికే లేదు, ప్రతిదాని వెనకా ఎప్పుడో ఎక్కడో ఎవరికో లేకపోయిన కథ ఉంది. కోడలు అడుగుతున్నకొద్దీ అత్తగారి మొహం విప్పారింది. ఈ రెండేళ్ళలో ఇంట్లో మగవాళ్ళు ముగ్గురూ చెప్పింది చేశారే కానీ ఎందుకని ఎవరూ అడగలేదు.

"అందరం కళ్ళెదురుగా ఉంటాం కదా, మళ్ళీ వేలుపెట్టి లెక్కెందుకు?" అని అడిగిందామె.

అత్తగారు చేతిలో ఉన్న సీసా సంచీలో పెట్టేశారు. ఆ తర్వాత చెప్పారు. "ఒకాయన ఫోన్ చేశాడు. ఇల్లు కాలిపోతోందన్నాడు. అందరూ బయటికొచ్చారా అని అడిగాను. వచ్చేశారమ్మా అన్నాడు. ఫైరింజన్ వాళ్ళకి నేను అదే చెప్పాను. ఏడు నిమిషాలకి మళ్ళీ అదే గొంతు. 'ఒకళ్ళు తక్కువున్నారమ్మా' అంది."

"తర్వాత?"

"లైను కట్టయింది." ఆవిడ సంచీ జిప్పు లాగేశారు. "అందుకే లెక్క."

ఆ రాత్రి అన్నం తింటుంటే కోడలి కళ్ళు గోడ మీదికి పోయాయి. అక్కడ అత్తగారు రాయగా మామగారు అట్టకి అతికించిన కాగితం ఉంది. మెయిన్ స్విచ్, పెద్దాడు. ఎర్ర సంచీ, చిన్నాడు. గ్యాస్, అమ్మాయి. మావయ్యగారిని దింపడం, మావయ్యగారే. దాని కింద రెండు నియమాలు: బయటికి వచ్చినవాళ్ళు దేనికోసమూ తిరిగి లోపలికి వెళ్ళకూడదు. కరెంటు పోతే ముందు దీపం, తర్వాత మాట.

నాలుగు పనులు. నాలుగు పేర్లు. షట్టర్ దగ్గర లెక్కా నాలుగే. మరి ఇంట్లో మనుషులు అయిదుగురు కదా?

అప్పటినుంచి అది ఆమె బుర్రలో పురుగులా దొలవడం మొదలుపెట్టింది. ఆదివారం ఈల ఊదడానికి అత్తగారు ముందే కిందికి దిగి వీధి దాటి నిలబడతారు. అంటే ఇన్ని రిహార్సల్స్‌లో ఒక్కసారి కూడా ఆవిడ ఇంట్లోంచి బయటపడలేదు. నిజంగా నిప్పంటుకున్న రోజున ఆవిడ కూడా ఇంట్లోనే ఉంటే?

"అమ్మ ఎప్పుడూ బయటే ఉంటుందిగా" అన్నాడు భర్త, కళ్ళజోళ్ళ షాపులో రోజంతా అద్దాలు అరగదీసి వచ్చిన నీరసంతో.

"ఆదివారం ఉంటారు. నిప్పు ఆదివారమే అంటుకుంటుందా?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "అమ్మకి మనందరికంటే ముందే తెలిసిపోతుందిలే" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇలా కాదని మూడో నెల ఆదివారం ముందురోజు ఆమె నేరుగా అత్తగారినే అడిగింది. "రేపు ఈల నేను ఊదనా అత్తయ్యా? మీరు లోపలే ఉండండి. మీకెంతసేపు పడుతుందో చూద్దాం."

ఆవిడ మొహం గంటుపెట్టుకున్నారు. "ఈల జోలికి రాకు" అన్నారు. అంతగా చనువు పెరిగిన మనిషి అంత కటువుగా అనేసరికి కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొచ్చుకున్న మాట నిజమే. కానీ ఆమె తత్వం ఎలాంటిదంటే, ఏ వాల్వు ముట్టుకోవద్దంటే దాని మీదికే చెయ్యి పోతుంది.

ఇక ఆమె గమనించడం మొదలుపెట్టింది. గమనించినకొద్దీ చిత్రాలు బయటపడ్డాయి.

ఆ ఇంట్లో కుక్కర్ కూతలు ఎవరూ లెక్కపెట్టరు. రోజూ కుక్కర్లతో కాపురం చేసే కోడలికి ఇది మింగుడుపడలేదు. అత్తగారు పొయ్యి మీద కుక్కర్ పెట్టి, గోడ గడియారం చూసి, పదమూడు నిమిషాలకి దించేస్తారు. అది నాలుగు కూసినా ఏడు కూసినా నిమ్మకు నీరెత్తినట్టు కూరలు తరుగుతూనే ఉంటారు. ఎక్స్‌ఛేంజీ మనిషి కదా, నిమిషాల మీద నమ్మకం కాబోలనుకుంది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. భర్త ఏదో చెబుతున్నవాడు చెబుతూనే పోతున్నాడు. "ముందు దీపం!" అని చీకట్లోంచి అత్తగారి గొంతు గద్దించింది. లాంతరు వెలిగించి నలుగురి మధ్యా పెట్టాక, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అన్నారు. ఎంత పద్ధతైన మనిషో అనుకుంది.

మామగారి సంగతి ఇంకా తమాషా. ఆయనకి చెవుడని ఇంట్లో అందరి నమ్మకం. ఎవరేమన్నా ఆయన మళ్ళీ ఒకసారి అనాల్సిందే. "నీళ్ళ ట్యాంకు నిండింది" అని కొడుకంటే, "ఏంటీ, ట్యాంకు నిండిందా?" అని ఆయన గొంతెత్తి అడుగుతారు. "నాన్న దగ్గర ప్రతి వార్తా రెండు ప్రసారాలు" అని మరిది వేళాకోళం. కానీ ఒకరోజు వెనక గదిలో కోడలి చేతిలోంచి గుండుసూది జారి పడితే, ముందుగదిలోంచి ఆయనే "ఏదో పడింది చూసుకో తల్లీ" అన్నారు. గుండుసూది వినిపించిన చెవికి ట్యాంకు నిండిన మాట వినపడలేదా? ఇంకోటి. ఆయన మాట తిప్పి చెప్పేటప్పుడు చెప్పినవాళ్ళవైపు చూడరు, భార్యవైపు చూస్తారు. ముసలి దంపతుల ముచ్చటలే అనుకుని ఊరుకుంది.

అన్నీ కళ్ళముందే ఉన్నాయి. తెలివైన పిల్లే కానీ ఆమె దృష్టంతా ఆ అయిదో మనిషి మీద ఉంది. విడివిడిగా దొరికిన ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూడలేదు.

అయిదో నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉండగా, ఆమె ఎర్ర సంచీ పక్క జేబులోంచి ఒక ఈల తీసింది. తప్పు చేస్తున్నానని తెలుసు. అత్తగారు వీధివైపున్న సామాన్ల గదిలో బిస్కెట్ డబ్బాల మీద తేదీలు చూసుకుంటున్నారు. తలుపు తీసే ఉంది. ఆమె వేసుకున్న పథకం ఇదీ: మెట్ల దగ్గర నిలబడి ఈల ఊదాలి. అక్కణ్ణుంచి కదలకూడదు. అత్తగారి కోసం ఎవరు వెళ్తారో, ఆవిడ ఎన్ని సెకన్లకి వస్తారో చూడాలి. తిట్లు ఆ తర్వాత తినొచ్చు.

ఊదింది. మూడుసార్లు, ఇల్లు అదిరేలా.

స్విచ్ పడిన చప్పుడు. మరిది మంచం కింద దూరిన చప్పుడు. మామగారి కుర్చీ జరిగింది. ఆమె చెయ్యి తనంత తానే వెళ్ళి గ్యాస్ కట్టేసింది. కాళ్ళు మెట్లు దిగేశాయి. కదలకూడదనుకున్న మాట ఆమెకి గుర్తొచ్చేసరికి షట్టర్ దగ్గర నిలబడి ఉంది, ఈల ఇంకా పళ్ళ మధ్యే ఉంది.

మరిది ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. మణికట్టు మీది గడియారం చూసి అరిచాడు. "నిమిషం ముప్ఫై ఎనిమిది! ఇంతవరకూ ఎప్పుడూ రాలేదు!" తల్లిలా నడుం మీద చెయ్యి పెట్టుకుని, తల్లి గొంతుతో, వేలుపెట్టి లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నన్ను కలిపితే నాలుగు. అందరూ వచ్చారు."

భర్త నవ్వాడు. మామగారు తలూపారు. ఆ లెక్కలో ఎవరికీ ఏ లోపమూ కనబడలేదు. నాలుగు రావాలి, నాలుగు వచ్చింది.

"అత్తయ్య ఏరి?" అంది కోడలు.

"ఇక్కడే..." అంటూ భర్త పక్కకి చెయ్యి చూపించాడు. ఎప్పుడూ ఆవిడ నిలబడే చోటు అది. అక్కడ ఎవరూ లేరు. అతని చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"మనల్ని పరీక్షిస్తోందేమో" అన్నాడు మరిది, కానీ గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఈల ఊదింది అమ్మ కాదా?"

"నేను ఊదాను" అంది కోడలు.

ఒక నిమిషం గడిచింది. మెట్ల మీద ఎవరూ కనబడలేదు. రెండో నిమిషం గడిచింది. తన ఒత్తిడి పరీక్షల్లో రెండు నిమిషాలంటే ఎంతో కోడలికి తెలుసు. వాల్వు తెరుచుకోకపోతే ఆ రెండు నిమిషాల్లో ఏమవుతుందో కూడా తెలుసు. ఆమెకి నిజంగా భయం వేసింది. కింద కాగితాల గోడౌన్ తలుపుల వైపు చూసింది. అవి మూసి, తాళం వేసి, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

అప్పుడు పైన సామాన్ల గది కిటికీ తెరుచుకుంది. అత్తగారు దుమ్ముగుడ్డ దులపడానికి చెయ్యి బయటికి చాపారు. వీధికి అవతల తన సంసారమంతా షట్టర్ ముందు వరుసగా నిలబడి తనవైపే చూస్తూ కనిపించింది.

చాపిన చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఒక్కొక్కరినీ చూశారు. ఎర్ర సంచీ చూశారు. కోడలి చేతిలో ఈల చూశారు. రెండో చెయ్యి మెల్లగా మెడలో ఉన్న తన ఈల మీదికి వెళ్ళింది.

"అమ్మా!" అని అరిచాడు భర్త. "ఈల వినపడలేదా?"

ఆవిడ కళ్ళు కొడుకు పెదవుల మీద నిలిచాయి. వీధి వెడల్పు దాటి అంత దూరం నుంచి, ఆ పెదవులు ఏమన్నాయో పట్టుకోవాలని ప్రయత్నిస్తున్నాయి. కోడలు అది చూసింది. కుక్కర్ కూతలు, చీకట్లో దీపం, మామగారి రెండో ప్రసారం, అన్నీ ఒక్కసారిగా వచ్చి ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. ఎందుకు ఊదానురా భగవంతుడా అనిపించింది ఆమెకి.

పక్కన మామగారు షట్టర్ మీదికి ఒరిగిపోయారు.

"నాకు తెలుసు" అన్నారు ఎవరితోనో కాదు, తనలో తనే. "రెండేళ్ళనుంచి తెలుసు. కీచుగా ఉన్న చప్పుడేదీ దానికి వినపడదు. మాటైతే మొహం చూసి పట్టుకుంటుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. దాని చెవి నేనే కదా, ఇంక భయమేంటి అనుకున్నాను." ఆయన తలెత్తి పైన కిటికీవైపు చూశారు. "ఈల నేను విన్నాను. దానికి వినపడదని తెలిసిన ఒక్క మనిషినీ నేనే. సూది గుచ్చి, కళ్ళజోడు సర్దుకుని, దాన్ని పైన వదిలేసి, చక్కా దిగొచ్చాను."

ఆయన వీధి దాటి మెట్లవైపు నడవడం మొదలుపెట్టారు. తన మోకాలి నొప్పి సంగతి మర్చిపోయి గబగబా నడిచారు.

"నాన్నా, తిరిగి లోపలికి వెళ్ళకూడదని..." అలవాటుకొద్దీ నోరుజారాడు మరిది.

"నోర్ముయ్యరా" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే. ఆయన ఆ మాట అనగా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

మిగతావాళ్ళు పైకి వెళ్ళేసరికి అత్తగారు బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నారు. మామగారు ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడి, రొప్పుతూ, ఒక్కొక్క మాటే విడదీసి చెబుతున్నారు. ఈల ఊదారు. నేను విన్నాను. కాళ్ళు దిగిపోయాయి. నువ్వు కిటికీలో కనబడేదాకా నాకు గుర్తే రాలేదు. చెప్పి తల దించుకున్నారు.

అత్తగారు గుమ్మంలో నిలబడ్డ చిన్నకొడుకు వైపు చూశారు. "ఎంతసేపు పట్టింది?"

వాడు వేళ్ళతో చూపించి, నోటితోనూ చెప్పాడు. నిమిషం ముప్ఫై ఎనిమిది.

"బాగానే నేర్పాను" అన్నారావిడ. నవ్వబోయారు, నవ్వు రాలేదు. వంగి మొగుడి తల మీద పడ్డ దారపుపోగు తీసి పారేశారు. "ఈల వినగానే వెనక్కి చూడకుండా దిగమని మీకు చెప్పింది నేనే కదండీ. మీ తప్పేముంది."

ఆ మాటతో మామగారు మరీ కుంగిపోయారు. తిట్టి ఉంటే తేలిక పడేవారేమో.

"ముప్ఫై రెండేళ్ళు ఊరు ఊరంతా నా చెవిలోనే మాట్లాడింది" అన్నారావిడ, ఈసారి పిల్లలవైపు తిరిగి. "ఎవడు ఏడుస్తూ చెప్పినా, గొణిగినా, దగ్గుతూ చెప్పినా, మళ్ళీ చెప్పమని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అలాంటిదాన్ని, నాకు చెవులు పోయాయర్రా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెబితే రేపట్నుంచి ఈల తీసి ఇంకెవరి మెడలోనో వేస్తారు. నన్ను ఓ మూల కూర్చోబెట్టి, ఎర్ర సంచీతో పాటు నన్నూ ఎవరు మోసుకెళ్ళాలో గోడ మీద రాస్తారు. దానికంటే బయట నిలబడటమే నయమనుకున్నాను."

తర్వాత కోడలివైపు తిరిగారు.

"వద్దన్నాక ఊదావు."

"అవునత్తయ్యా."

"నాకు చాలా కోపంగా ఉంది. దాచుకోను." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "రెండు నిమిషాలు ఇక్కడ కూర్చుని బిస్కెట్ల తేదీలు చదువుకున్నాను. నిజంగా జరిగి ఉంటే అదే పనిలో ఉండగా అయిపోయేదాన్ని. అది తలుచుకుంటే నీ మీద కోపం కూడా సరిగ్గా రావట్లేదు. వెళ్ళండి, అందరూ వెళ్ళి మీ పనులు చూసుకోండి."

భర్త వెళ్ళి మెయిన్ స్విచ్ వేశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మరిది తండ్రిని పట్టుకుని తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి మోకాలికి మందు రాశాడు. కోడలు మాత్రం వెళ్ళలేదు. ఏం చేయాలో తోచక నేల మీద పడున్న డబ్బాలు ఏరడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలో వాల్వు తెరుచుకోకపోతే ఆ కుక్కర్‌కి ఎర్రచీటీ అంటించి పక్కన పెట్టేస్తుంది. ఆమెకి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఇక్కడ అది చెల్లదు. ఇక్కడ లోపం మనిషిలో లేదు, నలుగురు కలిసి నేర్చుకున్న పాఠంలో ఉంది, అందులో తనూ ఉంది. మిగతావాళ్ళ కాళ్ళు దిగినట్టే తన కాళ్ళూ దిగాయి. ఆ సిగ్గుతో ఆమెకి తల పైకెత్తాలనిపించలేదు.

అత్తగారు కూడా వంగి డబ్బాలు అందించారు. కాసేపు ఇద్దరూ తేదీలు చూసి, ముందు అయిపోయేవి ముందు వరసలో పెట్టారు. కోడలు తల వంచుకునే, డబ్బాలోకి చూస్తూ, ఏదో అంది.

గదిలో ఇంకెవరూ లేరు. ఇలాంటప్పుడు అత్తగారు మామూలుగా ఊఁ అని తలూపి ఊరుకుంటారు. రెండేళ్ళుగా అలాగే గడుపుకొచ్చారు. ఈసారి ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టారు. కోడలి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మొహం తనవైపు తిప్పుకున్నారు. చెప్పబోయి ఒకసారి ఆగారు. పెదవులు బిగించుకున్నారు. ఎంత కష్టంగా ఉందో మొహంలో తెలిసిపోతోంది.

"నువ్వేదో అన్నావు. నాకు వినపడలేదమ్మా. మళ్ళీ చెప్పు" అన్నారు.

కోడలు ఆవిడ కళ్ళలోకి చూస్తూ, తొందరపడకుండా మళ్ళీ చెప్పింది. "గ్యాస్ ఇంకెవరికైనా ఇద్దాం అత్తయ్యా. ఇకనుంచి నేను ముందు మీ దగ్గరికే వస్తాను."